నోరు మూసుకుంటే మనిషివైతవా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల, హాస్టళ్ల బోర్డులే. నల్లగొండ, పాలమూరు, ఖమ్మం వాడల నుంచి వచ్చిన మన పిల్లలు ఆ ఇరుకు గదుల్లో గ్రూప్స్‌కు, డీఎస్సీకి, బ్యాంకు కొలువులకు చదువుతున్నారు. ఇంటికాడ అవ్వ కూలి పైసలు పంపితేనే ఇక్కడ బువ్వ. వీళ్లకు 'వ్యక్తిత్వ వికాసం' పేరుతో నూరిపోసే ఇంగ్లీషు పద్యం ఒకటుంది. రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన 'ఇఫ్'. అది 1910లో పుస్తకంలో అచ్చయింది. అదే ఏడు మన గురజాడ అప్పారావు 'దేశభక్తి' గేయం రాశాడు. రెండూ యువకులకు బుద్ధులు చెప్పేవే. ఏ బుద్ధి ఎవరికి పనికొస్తుందో తేల్చుకోవాల్సిన అవసరం మనకుంది.

కిప్లింగ్ పద్యంలో తండ్రి కొడుక్కి చెబుతున్నాడు. కోపం తెచ్చుకోకు, గెలుపూ ఓటమీ ఒక్కటే అనుకో, ఉన్నదంతా పోయినా మళ్లీ మొదలుపెట్టు, పోయిందని ఎవరితోనూ అనకు. ఇట్లా ఉంటే భూమండలమంతా నీదేనట! తాతల కాలం నుంచి ఎకరం చెక్క లేని మాల మాదిగ పిల్లలకు ఎంత తియ్యటి మాట!

ఈ పద్యం వెనుక ఒక దొర ఉన్నాడు. పేరు జేమ్సన్. అతని గుణగణాలు చూసే ఇది రాశానని కిప్లింగే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఈ జేమ్సన్ 1895 చివర దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ మీదికి దండు కట్టుకుని పోయి, కొద్ది రోజుల్లోనే ఓడి లొంగిపోయాడు. లండన్‌లో జైలుశిక్ష పడింది. 1904 వచ్చేసరికి అదే మనిషి కేప్ కాలనీకి ప్రధానమంత్రి! ఓడినా మౌనంగా ఉన్నందుకు కుర్చీ దొరికిందా? కాదు. వెనుక సామ్రాజ్యం ఉంది, జాతి ఉంది, డబ్బుంది.

మరి మన పిల్లల వెనుక ఎవరున్నారు? 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. పేపర్లు లీకయ్యాయని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి రాశారు. ఒక్క మెట్టు ఎక్కడానికి మూడు పరీక్షలు! వయసు కరిగింది, హాస్టలు బాకీ పెరిగింది. దీనికి కూడా నోరెత్తకుండా మళ్లీ మొదలుపెట్టడమే మగతనమా? తప్పు చేసినవాణ్ణి వదిలేసి, నష్టపోయినవాడికి ఓర్పు నేర్పే నీతి మనకు కొత్త కాదు. మనువు చెప్పిందీ ఇదే. నీ గతి ఇంతే, కిక్కురుమనకు అని.

గురజాడ దారి వేరు. ఆయన ఒక్క కొడుకుతో మాట్లాడలేదు, అందరితో మాట్లాడాడు. కడుపునిండా తిండి లేకుంటే సత్తువ ఎక్కడిదని అడిగాడు. గొప్పలు మాని పనికొచ్చే పని చెయ్యమన్నాడు. తన లాభంలో కొంత వదులుకుని పక్కవాణ్ణి ఆదుకోమన్నాడు. ఇది మనకు దగ్గరి మాట. మెచ్చుకుంటాం.

అయినా ఒక ప్రశ్న ఉంది. అన్ని కులాలూ కలిసి నడవాలంటే ముందు ఎవరు మారాలి? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మనవాళ్లను చంపినవాళ్లు చేతులు కలుపుదామని వచ్చారా? అన్నదమ్ముల్లా ఉండమని చెబితే చాలదు, అన్న ఆక్రమించుకున్న తమ్ముడి వాటా సంగతి కూడా చెప్పాలి. ఆ మాట ఆ గేయంలో లేదు. అది చెప్పింది బాబాసాహెబ్ అంబేడ్కర్. బోధించు, సమీకరించు, పోరాడు అని 1942లో నాగపూర్‌లో పిలుపిచ్చాడు. కిప్లింగ్ వద్దన్న పనే అది: నష్టపోయింది చెప్పుకోవడం, నలుగురితో కలిసి అడగడం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కష్టపడి చదవండి, అందులో రెండో మాట లేదు. కానీ ఓడితే తప్పంతా మీదేనని కుమిలిపోకండి. గదిలో ఒంటరిగా ఏడవకండి, ప్రాణం మీదికి అసలే తెచ్చుకోకండి. పక్క గది తలుపు తట్టండి, అక్కడా ఇదే బాధ ఉంటుంది. పదిమంది కూర్చోండి. బ్యాక్‌లాగ్ పోస్టులెన్ని, రోస్టర్ ఎట్లా వేశారు, స్కాలర్‌షిప్ ఎందుకు ఆగింది అని 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. జవాబు రాకపోతే అప్పీలు చెయ్యండి. ఊళ్లలోని కార్యకర్తలారా, సిటీకి పంపిన పిల్లల్ని పంపి మరిచిపోకండి. నెలకోసారైనా వచ్చి వాళ్ల మధ్య కూర్చోండి.

జై భీమ్!