పరదేశంలో బస, మన ఇంటి మర్యాద

ప్రయాణం తలపెట్టిన మనిషి మొదట టికెట్టు గురించి, ఆపైన ఖర్చు గురించి ఆలోచిస్తాడు. బస సంగతి చివరికి వస్తుంది. నిజానికి అది మొదటికి రావాలి. నమాజు, శుచి, భోజనం, పరదా, నిద్ర, ఈ అయిదూ నిలబడేది ఆ గది నాలుగు గోడల మధ్యనే, జారిపోయేదీ అక్కడే. ఈ నెల ఈ విషయం రాయడానికి షామీర్‌పేటలోని ఒక కుటుంబం కారణం. వారి అనుమతితో, పేర్లు చెప్పకుండా, ఆ సంగతి పాఠకుల ముందుంచుతున్నాము.

మేడ్చల్‌లో మా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఇప్పుడు షామీర్‌పేటలో మోటార్ల రివైండింగ్ దుకాణం నడుపుతున్నాడు. అతని భార్య తుర్కపల్లి వైపు, జీనోమ్ వ్యాలీలోని ఒక ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తోంది. ఆమెను సంస్థవారు జూన్ నెలలో పది రోజుల శిక్షణకు ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీకి పంపదలచారు. మహ్రమ్‌గా భర్త తన సొంత ఖర్చుతో వెంట వెళ్లడానికి సిద్ధపడ్డాడు. సంస్థ మూడు హోటళ్ల పేర్లు ఇచ్చి, వారం లోపల ఒకటి ఎంచుకోమన్నది. ఆ కాగితాలు పట్టుకొని ఒకరోజు అసర్ నమాజు తరువాత కుటుంబమంతా మా ఇంటికి వచ్చింది.

పెద్దావిడ, అంటే అబ్బాయి తల్లి, తస్బీహ్ తిప్పుతూ మొదట మాట్లాడింది. "మౌలానా సాబ్, ఆ దేశంలో అందరూ బట్టలు లేకుండా కలిసి స్నానాలు చేస్తారట. ప్రతి హోటల్లో అదే ఉందట. మన కోడలిని అక్కడికి ఎట్లా పంపను?" కాగితాలు చూశాము. మూడు చోట్లా 'సౌనా' ఉన్నదని గొప్పగా రాసి ఉంది. మేము ఎక్కువ ఆలోచించలేదు. "శిక్షణ మరోచోట కూడా దొరుకుతుంది, ఇది వద్దనుకోండి" అనేశాము.

కోడలు తల వంచుకొని కూర్చుంది. కాసేపటికి మెల్లగా అడిగింది. "మౌలానా సాబ్, ఆ ఊళ్లో ముస్లింలు ఉంటారు కదా. వాళ్లు ఎట్లా ఉంటున్నారు?"

మా దగ్గర జవాబు లేదు. తెలియని దాని మీద తీర్పు చెప్పామని అప్పుడు తెలిసింది. ఆ అమ్మాయి నాలుగేళ్ల కష్టం మా ఒక్క మాటతో ఆగిపోయేది. "బిడ్డా, మాకు మూడు రోజులు గడువు ఇవ్వు" అన్నాము. ఆ మూడు రోజుల్లో చదివినదీ, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ చెబుతున్నాము.

సౌనా అంటే చెక్కలతో కట్టిన చిన్న వేడి గది. పొయ్యి మీద రాళ్లు కాగుతుంటాయి. వాటి మీద నీళ్లు చల్లితే ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిని వారి భాషలో 'లోయ్‌లు' అంటారు. గదిలో వేడి సాధారణంగా 80 డిగ్రీలకు పైన ఉంటుంది. సుమారు 55 లక్షల జనాభా గల ఆ దేశంలో 30 లక్షల దాకా సౌనాలు ఉన్నాయని చెబుతారు. 2020లో యునెస్కో ఈ ఆచారాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పూర్వం అక్కడి పల్లెల్లో స్త్రీలు ప్రసవించేది సౌనాలోనే. చనిపోయినవారికి చివరి స్నానం చేయించేదీ అక్కడే. అది చదివినప్పుడు మాకు గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలోని హమ్మామ్ గుర్తుకు వచ్చింది. సుల్తానుల వంశంలో మరణించినవారికి గుస్ల్ ఇచ్చినది ఆ కట్టడంలోనేనని చెబుతారు. వేడినీటి స్నానశాల మన పూర్వీకులకు కొత్తది కాదు. దానికి మర్యాదలు మన ఫిఖ్ గ్రంథాలలో రాసే ఉన్నాయి.

ఆ మర్యాదలు ఇవి. నడుముకు లుంగీ లేకుండా పురుషుడు హమ్మామ్‌లోకి వెళ్లరాదని దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. మగవాడి ఎదుట మగవాడికి సైతం సతర్ ఉంది. నాభి నుంచి మోకాళ్ల వరకు కప్పుకోవాలి. ఆడవారి ఎదుట ఆడవారికి కూడా ఇదే హద్దు. ముస్లిమేతర స్త్రీల ఎదుట ముస్లిం స్త్రీ ఇంకా జాగ్రత్తగా ఉండాలని చెప్పిన ఫుకహాలు ఉన్నారు. దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరాలో చూపులు దించుకోమన్న ఆదేశం ముందు పురుషులకు, ఆ తరువాత స్త్రీలకు వచ్చింది. కాబట్టి పరదా భారమంతా కోడలి నెత్తిన పెట్టి, కొడుకు ఎక్కడికి వెళ్లినా ఫరవాలేదనుకోవడం సరికాదు.

ఇక అక్కడి వాస్తవం. పెద్దావిడ విన్న మాట సగమే నిజం. హెల్సింకీలో కల్లియో పేటలోని కోటిహర్యు అనే పాత బజారు సౌనా 1928 నాటిది. అందులో స్త్రీలకు, పురుషులకు వేర్వేరు భాగాలు ఉన్నాయి. అదే ఏడాది మొదలైన యుర్యోన్‌కాతు ఈత శాలలో ఆడవారికి, మగవారికి వేర్వేరు రోజులు. అక్కడ ఒకే జాతివారి మధ్య వివస్త్రంగా ఉండడం తప్పుగా ఎంచరు. అది వారి ఆచారం, మనకు తగనిది. 2016లో సముద్రపు ఒడ్డున కట్టిన లోయ్‌లు అనే పేరుగల సౌనాలో స్త్రీ పురుషులు కలిసే కూర్చుంటారు, ఈత దుస్తులు తప్పనిసరి. అదీ మనకు తగనిదే. అయితే అక్కడి అపార్ట్‌మెంట్లలో ఉమ్మడి సౌనాను వారానికి ఒక గంట చొప్పున ఒక్కో కుటుంబం తమకే కేటాయించుకుంటుంది. కొన్ని హోటళ్లలో గదిలోనే సొంత సౌనా ఉంటుంది. తలుపు వేసుకుంటే అందులో ఉండేది భార్యాభర్తలే. అసలు సౌనాలోకి వెళ్లి తీరాలని ఎవరూ బలవంతం చేయరు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా అంత వేడిలోకి వెళ్లరాదు.

కోడలి ప్రశ్నకు జవాబు ఇంకా ఆశ్చర్యం కలిగించింది. రష్యాలోని నీజ్నీ నొవ్‌గొరోద్ ప్రాంతపు గ్రామాల నుంచి తాతార్ ముస్లింలు 19వ శతాబ్దం చివరి నుంచే ఫిన్లాండ్‌కు వచ్చారు. ఉన్ని బట్టలు, బొచ్చు దుస్తులు అమ్ముకొని స్థిరపడ్డారు. 1922లో ఆ దేశం మత స్వేచ్ఛ చట్టం చేయగా, 1925లో తమ ఇస్లామిక్ సంఘాన్ని స్థాపించుకున్నారు. 1940లలో యార్వెన్‌పా పట్టణంలో చెక్క మసీదు కట్టుకున్నారు. హెల్సింకీ నడిబొడ్డున ఫ్రెడ్రికిన్‌కాతు వీధిలో వారి సంఘ భవనం ఉంది. మంచు దేశంలో, కొద్దిమందిగా ఉంటూ, వారు తమ దీన్‌నూ భాషనూ నూరేళ్లుగా నిలుపుకున్నారు. తరువాతి కాలంలో సోమాలియా, ఇరాక్ మొదలైన దేశాల నుంచి మరెందరో వచ్చి చేరారు. మేము వద్దన్న ఊళ్లో అల్లాహ్‌ను స్మరించే ఇళ్లు అంతకాలంగా ఉన్నాయి.

మూడో రోజు కుటుంబాన్ని పిలిచి, మూడు హోటళ్లకూ ఈ ప్రశ్నలు రాయించాము. ఏ దేశం వెళ్లేవారికైనా ఇవి పనికివస్తాయి.

మొదటిది, సౌనా సంగతి. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు సమయాలు ఉన్నాయా? ఒక కుటుంబమే వాడుకొనేలా గంటసేపు కేటాయిస్తారా? గదికి వెళ్లే దారి ఈత కొలను పక్క నుంచి ఉందా?

రెండోది, శుచి. యూరప్‌లో చాలాచోట్ల మరుగుదొడ్డిలో నీళ్లు ఉండవు, కాగితమే. ఫిన్లాండ్ ఈ విషయంలో మనకు దగ్గర. అక్కడి ఇళ్లలో వాష్‌బేసిన్ కుళాయికి తగిలించిన చేతి షవరు మామూలు వస్తువు. హోటల్లో కూడా ఉందేమో అడగాలి. లేకపోతే ఒక చిన్న చెంబు పెట్టెలో పెట్టుకుంటే చాలు.

మూడోది, భోజనం. పొద్దుటి ఉచిత ఫలహారంలో పంది మాంసపు ముక్కలు, గుడ్లు, చేపలు ఒకే బల్ల మీద ఉంటాయి. వేరు గరిటెలు ఉన్నాయా అని అడగాలి. సాల్మన్ చేప, ఆ చేపతో చేసే పాల పులుసు, రై రొట్టె అక్కడ ఎక్కడైనా దొరుకుతాయి. గదిలో చిన్న వంటగది ఉంటే ఇంటి నుంచి తెచ్చిన బియ్యం, పప్పు, పచ్చడి ఉండనే ఉన్నాయి. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో మద్యం ఉంటే మేము రాకముందే తీసివేయమని కోరవచ్చు.

నాలుగోది, రాత్రి. ఈ సంగతి పెద్దగా ఎవరికీ తట్టదు. హెల్సింకీ 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన హైదరాబాద్ 17 డిగ్రీల దగ్గర ఉంది. జూన్ మూడో వారంలో అక్కడ సూర్యుడు రాత్రి సుమారు 10:50కి అస్తమించి, తెల్లవారుజామున నాలుగింటికి ముందే ఉదయిస్తాడు. పూర్తి చీకటి రానే రాదు. ఇషా, ఫజ్ర్ వేళలు సొంతంగా లెక్కవేసుకోకుండా అక్కడి మసీదు పట్టికను అనుసరించాలి. గది కిటికీలకు వెలుతురు చొరని మందపు తెరలు ఉన్నాయో లేదో అడగాలి. నిద్ర లేకపోతే ఫజ్ర్ కష్టం. బస పదిహేను రోజుల కన్నా తక్కువ కనుక హనఫీ ఫిఖ్ ప్రకారం వారు ముసాఫిర్లు, ఖస్ర్ చేస్తారు. ఇక ఖిబ్లా. మనకు అలవాటైనట్టు పడమరకు తిరిగితే పొరపాటు. హెల్సింకీ నుంచి మక్కా దక్షిణ దిక్కున, కొంచెం తూర్పుకు ఉంటుంది.

అయిదోది, ఖర్చు. హెల్సింకీ 2012లో 'ప్రపంచ డిజైన్ రాజధాని'గా ఎంపికైన నగరం. 1887 నాటి కాంప్, 1931 నాటి తోర్ని వంటి పేరున్న హోటళ్లు అక్కడ ఉన్నాయి. పాత జైలును మార్చి చేసిన హోటల్ కూడా ఉంది. కుర్చీకీ దీపానికీ ఉన్న పేరును బట్టి గది అద్దె పెరుగుతుంది. అబ్బాయికి మొదట అలాంటి హోటల్ మీదే మనసు పోయింది. "బాబూ, ఆ కుర్చీలో నువ్వు ఎన్ని గంటలు కూర్చుంటావు?" అని అడిగాము. నవ్వేశాడు.

అయితే డిజైన్ అంటే ఆడంబరమని మేము చెప్పబోవడం లేదు. ఆ దేశపు ప్రసిద్ధ వాస్తుశిల్పి ఆల్వర్ ఆల్తో 1933లో బర్చ్ కర్రను వంచి మూడు కాళ్ల పీట చేశాడు. ఒకదాని మీద ఒకటి పేర్చి మూలన పెట్టుకోవచ్చు. 1940లలో మాయియు గెబ్‌హార్డ్ అనే మహిళ, ఇల్లాళ్లు గిన్నెలు తుడవడంలో ఎంత కాలం పోగొట్టుకుంటున్నారో గమనించి, సింకు పైన అడుగు లేని అల్మారాను ప్రచారంలోకి తెచ్చింది. కడిగిన పళ్లాలు అందులో పెడితే నీళ్లు కిందికి కారి వాటంతట అవే ఆరిపోతాయి. ఈనాటికీ అక్కడి వంటింట్లో అది ఉంటుంది. ఇల్లాలి అలసటను తగ్గించిన ఆ అల్మారా మాకు చాలా నచ్చింది. పనిని పది మందికి ఉపకరించేలా చక్కగా చేయడాన్నే మనం ఇత్ఖాన్ అంటాము. మన హైదరాబాదీలకు అటువంటి బస తెలియనిది కాదు. నిజాం సంస్థానపు హాజీల కోసం మక్కాలో ఏర్పాటైన రుబాత్ ఎందరో పేదలకు ఉచితంగా నీడనిచ్చింది. బాటసారి అవసరం గుర్తెరిగి కట్టిన ఇల్లు అది.

మూడు హోటళ్ల నుంచీ జవాబులు వచ్చాయి. ఒకచోట సౌనా ఉమ్మడి, కేటాయింపు లేదు. మరోచోట వేర్వేరు సమయాలు ఉన్నా, గది బార్ పైనే ఉంది. మూడోది పేరులేని సాదా బస. అందులో వంటగది, చేతి షవరు, మందపు తెరలు, గదిలోనే ఇద్దరికి సరిపోయే సౌనా ఉన్నాయి. అద్దె కూడా తక్కువే. దాన్నే ఎంచుకున్నారు. పెద్దావిడ ఆ గది ఫొటోలు రెండుసార్లు చూసి, తలుపుకు లోపలి గడియ ఉందో లేదో అడిగి, అప్పుడు కోడలి తల నిమిరింది.

ఒక మాట చెప్పి ముగిస్తాము. ఆ సాయంత్రం వారు వెళ్లిపోయాక మాకు మన ఊరే కళ్ల ముందు మెదిలింది. షామీర్‌పేట, మేడ్చల్ చుట్టూ ఎన్ని రిసార్టులు వెలిశాయి! వలీమాలకు, సెలవులకు కుటుంబాలతో వెళ్తున్నాము. ఈత కొలను ఎవరు ఎప్పుడు వాడుతున్నారో, దాని పక్కనే మన ఆడపిల్లలు కూర్చుంటున్నారో, వుజూకు, నమాజుకు చోటుందో ఎంతమందిమి ముందుగా అడిగాము? హెల్సింకీకి అయిదు ప్రశ్నలు పంపిన మనం, మన గుమ్మం ముందరి రిసార్టుకు ఒక్కటీ పంపలేదు. హయా దూరదేశానికి వెళ్లేటప్పుడు మాత్రమే పెట్టెలో సర్దుకునే వస్తువు కాదు. ఇంట్లో దాన్ని వాడుకలో ఉంచినవారికే ప్రయాణంలో చేతికి అందుతుంది.

తెలియని దాని మీద తొందరపడి తీర్పు చెప్పే నాలుక నుంచి అల్లాహ్ మమ్మల్ని కాపాడుగాక! మన బిడ్డల ప్రయాణాలను క్షేమకరం చేసి, వారు ఎక్కడ బస చేసినా అక్కడ తన స్మరణను నిలుపుగాక! ఆమీన్.