పోస్టింగు బాగాలేకపోతే బ్రాంచి బాగాలేనట్టా?

ఫైనలియర్ విద్యార్థులనో హౌస్ సర్జన్లనో కదిపి పీజీలో ఏ బ్రాంచి తీసుకుంటారని అడగండి. తీసుకోబోయేది చెప్పేలోపే, తీసుకోనివి వరసగా చెబుతారు. గైనిక్ వద్దు, లేబర్ రూంలో అరుపులు తప్ప ఏమీ నేర్చుకోలేదు. సర్జరీ వద్దు, థియేటర్లో సార్ వెనక నిలబడి ఆయన భుజాలు తప్ప ఏమీ చూడలేదు. సైకియాట్రీ అసలే వద్దు, ఉన్నన్ని రోజులూ ఖాళీగా కూర్చోబెట్టారు. ఈ వద్దుల్లో చాలావాటికి ఆ బ్రాంచిలోని జబ్బులతో గానీ వైద్యంతో గానీ సంబంధం ఉండదు. ఒక ఆసుపత్రిలో, ఒక యూనిట్లో, కొన్ని వారాలు ఎలా గడిచాయన్నదే వాటి వెనక ఉన్న కారణం. ముప్ఫై నలభై ఏళ్లు చేయాల్సిన పనిని అంత చిన్న అనుభవంతో తేల్చేసుకోవడం విద్యార్థికీ నష్టమే, రేపు ఆ వైద్యుడి కోసం ఎదురుచూసే రోగికీ నష్టమే.

అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నె ఒకటే, మంట ఒకటే కాబట్టి అది చెల్లుతుంది. క్లినికల్ పోస్టింగు అలాంటిది కాదు. ఒకే కాలేజీలో ఒకే బ్రాంచిలో ఫస్ట్ యూనిట్‌కూ థర్డ్ యూనిట్‌కూ పోలిక ఉండదు. ఒకచోట అసిస్టెంట్ ప్రొఫెసర్ రోజూ మంచం పక్కన నిలబడి కేసు చెప్పించుకుంటారు. మరోచోట అటెండెన్స్ తీసుకుని పంపేస్తారు. పీజీలు తక్కువున్న యూనిట్లో హౌస్ సర్జన్ శాంపిళ్లు తీస్తూ, రక్తం బాటిల్ కోసం బ్లడ్ బ్యాంకుకూ రిపోర్టుల కోసం ల్యాబుకూ తిరుగుతూ ఉంటాడు. ఆ తిరుగుడంతా అతని లెక్కలో మెడిసిన్ బ్రాంచి ఖాతాలో పడుతుంది. నిజానికి అది సిబ్బంది కొరత ఖాతాలో పడాల్సింది.

కొరత ఇప్పుడు మరింత పెద్ద విషయం. రాష్ట్రం ఏర్పడినప్పుడు తెలంగాణలో అయిదు ప్రభుత్వ వైద్య కళాశాలలే ఉండేవి. 2024 నాటికి జిల్లాకొకటి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో కొత్తవి మొదలయ్యాయి. జిల్లా కేంద్రంలో బోధనాసుపత్రి రావడం మంచిదే, ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ భవనం లేచినంత వేగంగా ప్రొఫెసర్లు తయారుకారు. బోధకుల కొరతపై జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నోటీసులివ్వాల్సి వచ్చింది. చెప్పేవాళ్లు సరిపడా లేని విభాగంలో పోస్టింగు చేసిన విద్యార్థి ఆ బ్రాంచిని నిస్సారమని తేల్చుకుంటే, అతను చూసింది బ్రాంచిని కాదు, ఖాళీ పోస్టుల్ని.

ఈ అన్యాయం అన్నింటికన్నా ఎక్కువగా సైకియాట్రీకి జరుగుతోంది. హైదరాబాద్ విద్యార్థులకు ఎర్రగడ్డ, విశాఖ విద్యార్థులకు చినవాల్తేరు ఆసుపత్రి గుర్తుకొస్తాయి. ఇవి ప్రత్యేక మానసిక వైద్యశాలలు. ఇంటి దగ్గర అదుపు చేయలేనంతగా ముదిరిన స్కిజోఫ్రెనియా, ఉధృతమైన మేనియా, పోలీసులు తీసుకొచ్చినవాళ్లు, ఇంటివాళ్లు మళ్లీ రాక ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లు. ఇరవయ్యేళ్ల విద్యార్థి ఆ వార్డు చూసి బయటికొచ్చి, జీవితమంతా ఇదే చూడాలా అనుకుంటే తప్పుపట్టలేం. కానీ ఒక జనరల్ ఆసుపత్రిలోనో జిల్లా కేంద్రంలోనో ప్రాక్టీసు చేసే సైకియాట్రిస్టు రోజు అలా ఉండదు. నిద్రపట్టని టీచరు, ప్రసవం తర్వాత బిడ్డ మొహం చూడబుద్ధికాని తల్లి, స్కాన్లన్నీ నార్మల్ వచ్చినా తలనొప్పి తగ్గని మనిషి, తాగుడు మానాలని భార్యతో కలిసి వచ్చిన ఆటో డ్రైవర్. అక్కడ ఓపీ నిండా వీళ్లే.

మరొకటి ఉంది. డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది. 2021 ఇంటర్న్‌షిప్ నిబంధనల ప్రకారం సైకియాట్రీకి ఇచ్చింది రెండు వారాలు. అంటే రోగి తలదించుకుని వచ్చిన రోజును హౌస్ సర్జన్ చూస్తాడు, తల ఎత్తి మాట్లాడే రోజుకు అతను ఈఎన్‌టీ పోస్టింగులో ఉంటాడు. అపెండిక్స్ ఆపరేషన్ చేసిన రోగి నడిచి ఇంటికెళ్లడం అదే పోస్టింగులో కనబడుతుంది. సైకియాట్రీలో రోగి కోలుకోవడమే పోస్టింగు దాటి జరుగుతుంది. ఈ బ్రాంచిలో ఫలితం కనబడదు అనే మాట ఇలా పుట్టి, సీనియర్ నుంచి జూనియర్‌కు చేరుతుంది. 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని కూడా అందులో తేలింది. ఇంత అవసరం ఉన్న బ్రాంచిని రెండు వారాల నిరాశతో వదులుకుంటున్నాం.

కమ్యూనిటీ మెడిసిన్‌దీ ఇంచుమించు ఇదే కథ. ఇంటర్న్‌షిప్‌లో దానికి పన్నెండు వారాలున్నా, చాలాచోట్ల అవి పీజీ పరీక్షకు చదువుకోవడానికి దొరికిన సెలవులుగా గడిచిపోతాయి.

చేదు అనుభవాన్ని మనసు ఎలా దాచుకుంటుందో వైద్యులే ఒకప్పుడు కొలిచి చూశారు. మత్తు పెద్దగా ఇవ్వకుండా కొలొనోస్కోపీ చేసే రోజుల్లో, టొరంటో వైద్యుడు డొనాల్డ్ రెడెల్‌మైయర్, మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ కలిసి రోగుల నొప్పిని నిమిష నిమిషానికీ నమోదు చేసి, తర్వాత మొత్తంగా ఎలా అనిపించిందో అడిగారు. 1996లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలిందేమంటే, పరీక్ష ఎంతసేపు సాగిందన్నది రోగుల తీర్పును పెద్దగా మార్చలేదు. నొప్పి అన్నిటికన్నా ఎక్కువైన క్షణం, చివరి నిమిషాలు, ఈ రెండే జ్ఞాపకాన్ని నిర్ణయించాయి. పోస్టింగు జ్ఞాపకం కూడా ఇలాగే తయారవుతుందని నా నమ్మకం. రౌండ్స్‌లో అందరి ముందూ కేస్ షీట్ విసిరేసిన రోజు, పోస్టింగు చివర పరీక్షలో ఎదురైన అవమానం మిగులుతాయి. మధ్యలో ఒక రోగి చేయి పట్టుకుని కృతజ్ఞత చెప్పిన పూట, ఈసీజీ మొదటిసారి తనంతట తాను చదివిన పూట జారిపోతాయి. రెండేళ్ల తర్వాత పీజీ సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు చేతిని నడిపేది ఆ మిగిలిన జ్ఞాపకమే.

ఆ ఆప్షన్ల దగ్గర మన వ్యవస్థ చాలా కఠినం. బ్రిటన్‌లో ఎంబీబీఎస్ తర్వాత రెండేళ్ల ఫౌండేషన్ శిక్షణ ఉంటుంది. సాధారణంగా నాలుగేసి నెలల చొప్పున ఆరు విభాగాల్లో జీతం తీసుకుంటూ, బాధ్యతతో పనిచేస్తారు. స్పెషాలిటీలోకి వెళ్లేది ఆ తర్వాతే. మన దగ్గర ఇంటర్న్‌షిప్ అయ్యీ అవకముందే నీట్ పీజీ. 200 ప్రశ్నలు, 800 మార్కులు. నువ్వు ఏ పనికి సరిపోతావు అన్నది అందులో ఒక్క ప్రశ్న కూడా కాదు. ర్యాంకు వచ్చాక రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్ ముందు నిండిపోతాయి. అటువైపు అనాటమీ, ఫిజియాలజీ లాంటివి ఖాళీగా మిగులుతాయి. 2023లో ఆ ఖాళీలు నింపడానికి అర్హత పర్సంటైల్‌ను సున్నాకు దించారు. చేరాక నచ్చకపోతే బయటికి రావడం కష్టం. సీటు వదిలితే లక్షల రూపాయల బాండు కట్టాలన్న నిబంధన పీజీల మీద మానసిక ఒత్తిడి పెంచుతోందని, దాన్ని ఎత్తేయాలని 2024లో ఎన్‌ఎంసీయే రాష్ట్రాలకు రాసింది. దానికి బదులుగా సూచించింది, ఒక ఏడాది ప్రవేశానికి అనర్హత. అదీ శిక్షే. దిద్దుకునే వీలు ఇంత తక్కువ ఉన్నచోట నిర్ణయానికి ముందు చూపు విశాలంగా ఉండాలి. మనం ఇస్తున్నది ఒక యూనిట్ కిటికీ.

ఇష్టం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుందని చాలామంది గమనించరు. గొప్పగా చెప్పే ఒక ప్రొఫెసర్ ఉంటే ఆ బ్యాచ్‌లో సగం మందికి ఆ బ్రాంచి మీద మనసు పోతుంది. మంచి గురువు దొరకడం అదృష్టమే. అయితే పీజీలో చేరేచోట ఆయన ఉండరు, ఆయన పని మాత్రం ఉంటుంది. ఇక ఆడపిల్లల విషయంలో వాళ్ల అయిష్టం ఎంత వాళ్లది, ఎంత వాళ్ల చేత అనిపించింది అన్నది విడదీయడమే కష్టం. ఆర్థో పోస్టింగులో ప్లాస్టర్ వేయడానికి అబ్బాయిల్నే పిలిచి, నీకెందుకమ్మా ఈ బరువు పని అని పక్కన నిలబెడితే, ఆ అమ్మాయి ఆర్థో నాకు ఆసక్తిగా లేదని చెబుతుంది. పని చేయనివ్వకుండా ఆసక్తి ఎక్కడినుంచి వస్తుంది?

మరి పోస్టింగులో కలిగిన అయిష్టాన్ని ఎప్పుడు నమ్మాలి? నమ్మాల్సిన సందర్భాలున్నాయి. ఆ విభాగం బాగా నడిచిన రోజును తలుచుకోవాలి. నర్సులు సరిపడా ఉండి, సార్ ఓపికగా చెప్పి, రోగి కోలుకున్న రోజు కూడా ఆ పని బరువనిపిస్తే, ఆ అయిష్టం నిజమైనది. గైనిక్‌లో రాత్రి ప్రసవాలు సీనియరయ్యాక కూడా పూర్తిగా పోవు. రేడియాలజీలో గంటల తరబడి తెర ముందు కూర్చోవాలి, రోగితో మాట తక్కువ. అనస్థీషియాలో రోగి ప్రాణం మొత్తం మన చేతిలో ఉంటుంది, రోగికి మాత్రం మన పేరు తెలియదు. పిల్లల వార్డులో సూది గుచ్చిన ప్రతిసారీ ఏడుపు వినాలి. ఇవి ఏ యూనిట్లోనైనా, ఏ ఊళ్లోనైనా ఉండేవి. వీటితో పడనివాళ్లు ఆ బ్రాంచి వదులుకోవడం సబబే. కసిరిన పీజీ, గాలాడని డ్యూటీ రూము, వరసగా పడిన ముప్ఫై ఆరు గంటల డ్యూటీ మాత్రం ఆ బ్రాంచి లక్షణాలు కావు. అవి ఆ ఆసుపత్రి రుగ్మతలు. వాటిని భరించమని నేను అనను, బాగుచేయాలి. మూడేళ్ల పీజీలో అవి ఎదురవుతాయేమోనన్న భయం కూడా న్యాయమైనదే. ఆ భయానికి మందు మరో కాలేజీని ఎంచుకోవడం, అక్కడి పీజీలతో ముందే మాట్లాడటం. బ్రాంచి మార్చుకోవడం కాదు.

నిరాశపరిచిన బ్రాంచిని మరోచోట మరోసారి చూసే అవకాశం విద్యార్థికి ఉండాలి. 2019 ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో ఎలెక్టివ్స్ పేరుతో, తమకు నచ్చిన విభాగంలో పనిచేయడానికి రెండు విడతలుగా సమయం కేటాయించారు. చాలాచోట్ల అది లాగ్‌బుక్‌లో సంతకంతో ముగిసిపోతోంది. దాన్నే జిల్లా ఆసుపత్రిలోనో ఏరియా ఆసుపత్రిలోనో చేయనిస్తే, బోధనాసుపత్రి బయట ఒక స్పెషలిస్టు మామూలు రోజు ఎలా ఉంటుందో విద్యార్థి కళ్లారా చూస్తాడు. పీజీలను మూడు నెలలు జిల్లా ఆసుపత్రులకు పంపే డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ పథకం ఇప్పటికే నడుస్తోంది. బ్రాంచి ఎంచుకున్నాక చూపించేది ఎంచుకోకముందే కొంతైనా చూపించడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

అదే పాఠ్యప్రణాళికలో లెర్నర్-డాక్టర్ పద్ధతి ఉంది. విద్యార్థికి రోగిని అప్పగించి, చేరిన రోజు నుంచి వెంట నడవమనే పద్ధతి. కాగితం మీదున్న దాన్ని వార్డులోకి తేవాలంటే విభాగాధిపతులు చేయాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి పోస్టింగులో ప్రతి విద్యార్థికీ ఒక రోగిని ఇచ్చి, డిశ్చార్జి తర్వాత రివ్యూకి వచ్చేదాకా ఆ కేసు అతనిదే అనాలి. అతను అప్పటికి మరో విభాగంలో ఉన్నా సరే, ఆ పూట రివ్యూ ఓపీకి రావడానికి అక్కడివాళ్లు వదలాలి. మొదటగా సైకియాట్రీలో ఇది మొదలుపెట్టాలని నా కోరిక. ఆరు వారాలకు రివ్యూ తేదీ వేసినప్పుడు, రోగి చీటీ మీదే కాక విద్యార్థి లాగ్‌బుక్‌లో కూడా ఆ తేదీ రాయాలి.