పరాయి ఊరిలో ఇంటికి పూచీ ఎవరు?

ఉతై (దుర్గ్ జిల్లా): పని దొరికిన చోట ఇల్లు దొరకకపోవడం వలస వెళ్లిన ప్రతి కుటుంబానికీ ఎదురయ్యే తొలి సమస్య. దుబాయి అయినా, లండన్ అయినా, ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయి అయినా అద్దెకు ఇల్లడిగిన కొత్త మనిషిని యజమాని వేసే ప్రశ్న ఒక్కటే: నీకు పూచీ ఎవరు? భిలాయిలో క్వార్టరు పొందిన తొలితరం తెలుగు కార్మికులు ఈ ప్రశ్నను ఎదుర్కోలేదు. కొలువిచ్చిన కర్మాగారమే ఇల్లు కూడా ఇచ్చింది. కర్మాగారం జీతాల పట్టికలో పేరు లేని రెండో తరానికి, పదవీ విరమణ చేసిన తొలితరానికి ఇప్పుడు అదే ప్రశ్న ఎదురవుతున్నది. భిలాయి టౌన్‌షిప్ దాటి దక్షిణంగా రిసాలి, మరోదా, నెవయ్‌ల మీదుగా ఉతై వరకు వ్యాపించిన జనావాసాల్లో తల దాచుకునే చోటు వెదుక్కునేవారికి కంపెనీ హామీ లేదు. చట్టం ఇవ్వవలసిన హామీ ఇంకా పూర్తిగా అందలేదు. సమస్య మూలం ఈ రెంటి నడుమనే ఉంది.

కంపెనీయే ఇంటి యజమాని

భిలాయి ఉక్కు కర్మాగార స్థాపనకు భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఏడాదికి 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం తర్వాత 25 లక్షల టన్నులకు, 1980ల చివరికి 40 లక్షల టన్నులకు విస్తరించింది. ఫర్నేస్‌లతో పాటు సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్, పాఠశాలలు, ఆస్పత్రి, మార్కెట్లు వెలిశాయి.

ఆ రోజుల్లో భిలాయిలో అసలైన ప్రవాసులు సోవియట్ నిపుణులు. వారెవరూ భాష తెలియని ఊరిలో ఇంటింటికీ తిరిగి అద్దె బేరమాడవలసిన అవసరం రాలేదు. వారి నివాసం రెండు ప్రభుత్వాల ఒప్పందంలో భాగం. రాయపూర్-విజయనగరం రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువారి స్థితి వేరు. నిర్మాణ కూలీలుగా చేరినవారు మొదట గుడిసెల్లో, బస్తీల్లో ఉన్నారు. ఖుర్సీపార్ వంటి చోట్ల తెలుగు వినిపించడం ఆనాటి వలసల ఫలితమే. వారిలో కర్మాగారంలో స్థిరమైన ఉద్యోగం సంపాదించినవారు క్వార్టర్లకు మారారు. కాలక్రమంలో సెక్టార్ 5లో బాలాజీ మందిరం వెలిసింది. పరాయి ప్రాంతం సొంత ఊరుగా మారింది.

కంపెనీ క్వార్టరు వల్ల కలిగిన మేలు అద్దె తక్కువ కావడం ఒక్కటే కాదు. కులం, భాష, భోజనపు అలవాట్లు అడిగే యజమాని అక్కడ లేడు. హోదా, సర్వీసు కాలం ప్రకారం కేటాయింపు జరిగేది. తెలుగువాడి పక్క గుమ్మంలో మలయాళీ, ఎదురింట బీహారీ, పై అంతస్తులో ఛత్తీస్‌గఢీ కుటుంబం ఉండడం సహజమైంది. దేశంలోని అద్దె ఇళ్ల బజారు నేటికీ ఇవ్వలేని సమానత్వాన్ని ప్రభుత్వ రంగ టౌన్‌షిప్ ఆనాడే కొంతవరకు ఇచ్చింది.

కొలువుతో పాటే పోయే గూడు

అయితే ఈ ఏర్పాటులో మొదటి నుంచీ ఒక లోపం ఉంది. ఇల్లు మనిషికి గాక పదవికి దక్కింది. ముప్పయ్యేళ్లు కాపురమున్నా క్వార్టరుపై కార్మికుడికి హక్కు ఏర్పడదు. ప్రభుత్వ రంగ సంస్థల ఇళ్లు 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం పరిధిలోకి వస్తాయి. గడువు దాటి ఉన్నవారిని అనధికార నివాసులుగా పరిగణించి ఖాళీ చేయించే అధికారం ఎస్టేట్ అధికారికి ఉన్నది.

సెయిల్ దాఖలు చేసిన అప్పీలుపై సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. నిర్ణీత కాలం మించి క్వార్టరులో కొనసాగితే జరిమానా అద్దె చెల్లించక తప్పదని, దానిని గ్రాట్యుటీ సహా ఉద్యోగికి రావలసిన బకాయిల నుంచి సర్దుబాటు చేసుకోవచ్చని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పేర్కొన్నది. కొత్తగా చేరే ఉద్యోగులకు ఆ ఇళ్లు అవసరం కాబట్టి సంస్థ వాదనను తోసిపుచ్చలేము. కాని జీవితమంతా ఇంటి బజారు ముఖం చూడని కార్మికుడు అరవయ్యో ఏట ఆ బజారులో అడుగు పెట్టవలసి వస్తున్నది. ఇల్లు కొనడానికో, అడ్వాన్సు కట్టడానికో ఉపయోగపడవలసిన గ్రాట్యుటీ ఆలస్యం జరిగిన కొద్దీ కరిగిపోతుంది.

ఈ చిక్కును గుర్తించిన సెయిల్ 2000 దశకపు తొలి ఏళ్లలో కొన్ని ఇళ్లను ఉద్యోగులకు, మాజీ ఉద్యోగులకు దీర్ఘకాలిక లీజుకు ఇచ్చింది. ఆ అవకాశం దక్కినవారు అదృష్టవంతులు. మిగిలినవారు సొంత రాష్ట్రానికి తిరిగి వెళ్లడమో, చుట్టుపక్కల స్థలం కొనుక్కోవడమో, అద్దెకు చేరడమో తేల్చుకోవలసి వచ్చింది. తిరిగి వెళ్లడం చెప్పినంత సులభం కాదు. పిల్లలు హిందీ మాధ్యమంలో చదివారు. స్నేహాలు, సంబంధాలు, బతుకుతెరువు ఇక్కడే ఏర్పడ్డాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడే నాటికి వారిలో చాలామంది అంతకు ముందే ఒక తరం కాలం ఇక్కడ గడిపినవారు.

రెండో తరం కథ వేరు

ఆర్థిక సంస్కరణల తర్వాత ఉక్కు పరిశ్రమలో స్థిర ఉద్యోగాలు తగ్గి, కాంట్రాక్టు పని పెరిగింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1993 నుంచి భిలాయిలో పరిశోధన సాగించి 2020లో గ్రంథం ప్రచురించారు. ఒకే కర్మాగారంలో పనిచేస్తున్నా స్థిర ఉద్యోగి, కాంట్రాక్టు కార్మికుడు రెండు భిన్న వర్గాలుగా విడిపోయారన్నది ఆయన పరిశీలన సారాంశం. వేతనంలో ఉన్న ఈ తేడా నివాసంలో మరింత కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. స్థిర ఉద్యోగికి క్వార్టరు ఉన్నది. కాంట్రాక్టు కార్మికుడు బజారు ధరకు అద్దె కట్టాలి.

అంతర్రాష్ట్ర వలస కార్మికులకు తగిన నివాస వసతి కల్పించే బాధ్యతను 1979 నాటి చట్టం కాంట్రాక్టరుపై ఉంచింది. దేశమంతటా ఆ నిబంధన అమలు కన్నా ఉల్లంఘనలోనే ఎక్కువగా కనిపించింది. ఆ చట్టం 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో విలీనమైంది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అయితే భిలాయిలోనే పుట్టిన తెలుగు యువకుడు చట్టం దృష్టిలో వలస కార్మికుడు కాడు. యజమాని దృష్టిలో మాత్రం అతడు ఇంకా బయటివాడే. రెండు వైపులా నష్టపోయే స్థితి అది.

పదకొండు నెలల కాగితం

దేశంలో ఎక్కడ చూసినా అద్దె ఒప్పందం పదకొండు నెలలకే రాసుకోవడం ఆనవాయితీ. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికి కనిపెట్టిన మార్గమే ఇది. ప్రతి పదకొండు నెలలకూ అద్దె పెంపు, ఖాళీ చేయవలసి వస్తుందేమోనన్న భయం ఆ కాగితంతో పాటే వస్తాయి. ఆ కాగితం కూడా లేకుండా నోటి మాట మీద నడిచే అద్దెలకు లెక్క లేదు.

వలసదారుకు అద్దె కాగితం కేవలం ఇంటికి సంబంధించిన పత్రం కాదు. గ్యాస్ కనెక్షన్, బ్యాంకు ఖాతా, పాఠశాల ప్రవేశం వంటి ప్రతి పనికీ చిరునామా రుజువు కావాలి. ఓటరుగా నమోదు కావడానికి ఇంటి యజమాని కానక్కరలేదు, ఆ నియోజకవర్గంలో సాధారణ నివాసి అయితే చాలునని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతున్నది. కాని అద్దె రశీదు ఇవ్వడానికి యజమాని నిరాకరిస్తే ఆ నివాసాన్ని రుజువు చేసుకోవడమే కష్టమవుతుంది.

యజమానుల భయాలను కూడా తీసిపారేయడానికి వీలులేదు. అద్దెకు దిగినవాడు కదలకపోతే కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగాలన్న భయంతో ఇళ్లకు తాళం వేసి ఉంచేవారు ఎందరో ఉన్నారు. 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణాల్లో కోటీ 10 లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అదే జనగణన దేశంలో 45 కోట్లకు పైగా వలసదారులను లెక్కించింది. ఒకవైపు తాళం వేసిన ఇళ్లు, మరొకవైపు ఇల్లు దొరకని మనుషులు. కొరత ఇటుకల్లో కన్నా నమ్మకంలోనే ఎక్కువగా ఉన్నదని ఈ అంకెలు సూచిస్తున్నాయి.

విదేశాల్లో ఏం జరుగుతున్నది?

సముద్రాలు దాటిన తెలుగువారి అనుభవం ఇక్కడ పోల్చదగినది. దుబాయిలో అద్దె ఒప్పందాన్ని ప్రభుత్వ వ్యవస్థ అయిన 'ఇజారీ'లో నమోదు చేయాలి. ఒప్పందం షరతులు మార్చదలచిన పక్షం 90 రోజుల ముందు తెలపాలి. సొంత వాడకం, విక్రయం వంటి కారణాలతో ఖాళీ చేయించాలంటే 12 నెలల నోటీసు ఇవ్వాలి. అక్కడ కష్టం మరోచోట ఉంది. అద్దెకు ముందస్తు తేదీలతో చెక్కులు రాసివ్వడం వాడుక. చెల్లని చెక్కు ఒకప్పుడు ప్రవాసిని జైలు దాకా తీసుకువెళ్లేది. 2022 జనవరి నుంచి ఆ చట్టాన్ని చాలావరకు సడలించారు.

ఇంగ్లండులో 2016 ఫిబ్రవరి నుంచి అద్దెకు దిగేవారి వలస పత్రాలను యజమాని స్వయంగా పరిశీలించాలి. స్థానికంగా పూచీదారు లేని విదేశీ విద్యార్థులను ఆరు నెలల అద్దె ముందే కట్టమనడం అక్కడ పరిపాటిగా ఉండేది. ముందస్తు అద్దెను ఒక నెలకు పరిమితం చేసే చట్టం 2025 అక్టోబరులో రాజామోదం పొందింది. అమెరికాలో కొత్తగా దిగిన విద్యార్థికి అప్పుల చరిత్ర ఉండదు. ఆ చరిత్ర లేకపోవడమే అనర్హతగా మారుతుంది. ముందుగా వెళ్లిన తెలుగువారి గదుల్లో నలుగురైదుగురు సర్దుకోవడానికి కారణం పొదుపు ఒక్కటే కాదు, పూచీ దొరకకపోవడం కూడా.

ఏ దేశమూ ప్రవాసికి సులభంగా ఇల్లివ్వడం లేదన్నది దీనివల్ల తేటతెల్లమవుతున్నది. అయితే నమోదైన ఒప్పందం ఉన్న చోట వివాదం వస్తే చూపడానికి కాగితం, వెళ్లడానికి కార్యాలయం ఉన్నాయి. మన దేశంలో లోపించినది ప్రధానంగా ఇదే.

చేయవలసినది

నమూనా అద్దె చట్టాన్ని కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించింది. లిఖితపూర్వక ఒప్పందం, నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించని డిపాజిట్, వివాదాలకు ప్రత్యేక అధికారి, కోర్టు, ట్రిబ్యునల్ అందులోని ముఖ్యాంశాలు. అద్దెల వ్యవహారం రాష్ట్రాల పరిధిలోనిది కాబట్టి ఆ నమూనా దానంతట అది అమలు కాదు. ఛత్తీస్‌గఢ్ 2011లోనే తన సొంత అద్దె నియంత్రణ చట్టం చేసి రెంట్ కంట్రోలర్లను, ట్రిబ్యునల్‌ను ఏర్పరచింది. ట్రిబ్యునల్ తీర్పులపై నేరుగా సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చన్న నిబంధనను మాత్రం రాష్ట్ర శాసనసభ అధికార పరిధికి మించినదంటూ రాజ్యాంగ ధర్మాసనం 2019 డిసెంబరులో కొట్టివేసింది. మిగిలిన యంత్రాంగం సామాన్యుడికి ఏ మేరకు తెలుసు, ఏ మేరకు అందుబాటులో ఉన్నది అన్నదే ప్రశ్న. ఉతై వంటి నగర పంచాయతీ స్థాయిలో నామమాత్రపు రుసుముతో అద్దె ఒప్పందాలు నమోదు చేసే వీలు కల్పిస్తే యజమాని భయం, అద్దెదారు భయం ఒకేసారి తగ్గుతాయి.

కోవిడ్ లాక్‌డౌన్‌లో వలస కార్మికులు కాలినడకన ఇళ్లు చేరిన దరిమిలా, 2020లో కేంద్రం వారి కోసం సరసమైన అద్దె గృహ సముదాయాల పథకం ప్రకటించింది. 2024లో వచ్చిన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలోనూ అద్దె గృహాలకు స్థానం దక్కింది. పారిశ్రామిక ప్రాంతాల అంచున ఉన్న చిన్న పట్టణాలకు ఈ పథకాలు చేరితేనే ప్రయోజనం. ప్రభుత్వ రంగ సంస్థలు కూడా పదవీ విరమణకు రెండు మూడేళ్ల ముందు నుంచే ఉద్యోగిని నివాసం విషయంలో సిద్ధం చేయడం అవసరం. జరిమానా అద్దె వసూలు చేయడం కన్నా ఆ పరిస్థితి రాకుండా చూడడం ఉభయతారకం.

ఒకనాడు భిలాయిలో ఉక్కు పోయడానికి వచ్చినవారికి ఇల్లు చూపడం తన బాధ్యతేనని ప్రభుత్వం భావించింది. నేడు అదే ఉక్కును కాంట్రాక్టరు కింద పోస్తున్నవారి విషయంలో ఆ భావన సడలిపోయింది. కొలువు ఇచ్చే పూచీ పోయిన చోట చట్టం ఇచ్చే పూచీ రాకపోతే, మూడు తరాలుగా ఒకే ఊళ్లో ఉంటున్న కుటుంబం కూడా ప్రతి పదకొండు నెలలకూ కొత్తగా వలస వచ్చినట్లే బతకవలసి ఉంటుంది.