పొట్టి వరి ఎక్కడ దాగింది?

పిల్లలూ! "వీడికి తండ్రి పోలిక రాలేదు, తాత పోలిక వచ్చింది" అని పెద్దలు అంటూంటారు గదా! ఈ మాట వరిపైరుకు కూడా చెల్లుతుంది. ఎలాగో చూడండి.

పూర్వపు వరి రకాలు చాలావరకు పొడుగుగా పెరిగేవి. ఎరువు ఎక్కువ వేస్తే వెన్నులు బరువెక్కేవి. మన చిత్తూరు, తిరుపతి వైపు కార్తీకంలో గాలివాన కొట్టిందంటే అలాంటి పైరు నేలమీద ఒరిగేది. గింజలు బురదలోనే మొలకెత్తేవి. రైతు కష్టమంతా నీళ్లపాలు!

1962లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం చేశాడు. 'పెటా' అనే పొడుగు వరిని, తైవాన్‌కు చెందిన 'డీ-జియో-వూ-జెన్' అనే పొట్టి వరితో సంకరం చేశాడు. పుట్టిన మొక్కలన్నీ పొడుగే! మరి పొట్టితనం పోయినట్లేనా? పోలేదు, దాగింది. ఆ మొక్కల గింజలనే మళ్లీ నాటితే, నాలుగింట ఒకటి చొప్పున పొట్టి మొక్కలు వచ్చాయి. 1866లో మెండెల్ తన బఠాణీ మొక్కలను గురించి ప్రకటించిన లెక్క కూడా ఇదే.

కారణమేమంటే, ఎత్తును నిర్ణయించే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒక్కటి పొడుగుదైనా చాలు, మొక్క పొడుగే. రెండూ పొట్టివైతేనే పొట్టి.

మీరే పరీక్షించండి. రెండు డబ్బాలు తీసుకొని, ఒక్కొక్క దానిలో ఒక నల్ల చింతగింజ, ఒక అరగదీసిన తెల్ల చింతగింజ వేయండి. నల్లది పొడుగు, తెల్లది పొట్టి. కళ్లు మూసుకొని ప్రతి డబ్బానుంచి ఒక గింజ తీసి, చూచి, మళ్లీ వేయండి. ఇలా 40 సార్లు చేస్తే ఇంచుమించు 10 సార్లు రెండూ తెల్లవే వస్తాయి.

ఆ పొట్టి మొక్కల సంతతిలోనుంచి ఏరి, 1966లో ఐఆర్-8 అనే రకాన్ని విడుదల చేశారు. మరుసటి ఏడు పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి పేరు పొందారు. పంట మెండే గాని, ఆ బియ్యం లావు. అన్నం చల్లారితే గట్టిపడేది. అయితే పొట్టితనం ఒక జన్యువుది, గింజ సన్నదనం వేరే జన్యువులది. కనుక రెండు గుణాలనూ ఒకే మొక్కలో కూర్చవచ్చు. 1986లో బాపట్లనుంచి వచ్చిన బీపీటీ 5204, అదే సాంబమసూరి, అలాంటిదే. మనలో చాలామంది తినే సన్నన్నంలో ఆ తైవాన్ పొట్టి జన్యువే ఉంది.

ఇక ఒక ప్రశ్న. పొట్టి వరిని దాని పుప్పొడితోనే గింజ కట్టనిస్తే, దాని పిల్లల్లో పొడుగు మొక్క వస్తుందా? చింతగింజలు ముందు పెట్టుకొని ఆలోచించండి!