చదువొచ్చినవాళ్ల మౌనం ఎవరికి లాభం?

జార్జ్ ఆర్వెల్ 1945లో ప్రచురించిన 'యానిమల్ ఫామ్' గురించి మాట్లాడేటప్పుడు మన మేధావులు గద్దెనెక్కిన పందుల్ని తిడతారు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది బెంజమిన్ అనే గాడిద. పందులతో సమానంగా చదవగలదు, అయినా చదవదు. ఎవరొచ్చినా బతుకులు మారవన్నది దాని వేదాంతం. ఈ వేదాంతాన్నే మనవాళ్లు జ్ఞానమని మెచ్చుకుంటారు.

ఆ కథను క్లోవర్ అనే ఆడగుర్రం వైపు నుంచి చూడండి. అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదవడం రాదు. గోడ మీది నియమాలు మారుతున్నాయన్న అనుమానం మాత్రం దానికి వచ్చింది. తోటి జంతువుల్ని చంపాక, గోడ మీద ఏముందో చదవమని బెంజమిన్‌ని అడిగింది. ఇలాంటి వాటిలో తలదూర్చనంది గాడిద. చివరికి మ్యూరియల్ అనే మేక చదివిపెట్టింది. తన స్నేహితుడు బాక్సర్‌ని కబేళా బండి ఎక్కించాక గానీ బెంజమిన్ నోరు విప్పలేదు. అది చదివి చెప్పేసరికి బండి కదిలిపోయింది.

ఇది పరాయి దేశపు కథే కాదు. కురుసభలో ద్రౌపది అడిగింది న్యాయశాస్త్రపు ప్రశ్నే: తన్నుతాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా ఒడ్డే హక్కు ఎక్కడిది? అన్నీ తెలిసిన భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. నోరు తెరిచి ఆమె పక్షాన మాట్లాడింది కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు.

నర్సాపూర్‌లో సంఘాల ఆడవాళ్లతో పనిచేస్తుంటే బెంజమిన్లు నాకు రోజూ ఎదురవుతారు. అప్పు కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. వేలిముద్ర వేసే అక్క "ఏం రాసిండ్రు సారూ?" అని అడుగుతుంది. చదవగలిగిన సారు "మనకెందుకమ్మా" అని చాయ్ తాగుతాడు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో సగం సర్పంచ్ పదవులు ఆడవాళ్లవి. చాలాచోట్ల సంతకం ఆమెది, పెత్తనం భర్తది. గ్రామసభలో తీర్మానం చదివి వినిపించమని అడిగే చదువరి కనిపించడు.

భయం ఉండదా అంటారు. ఉంటుంది. కానీ ఉద్యోగం, కులం, పలుకుబడి అండగా ఉన్నవాళ్లకు ఉన్న భయం, కూలికి పోయే ఆడమనిషికి ఉన్న భయం ఒకటేనా?

ఉద్యమాలు చేసి ఏం సాధించారని కూడా అడుగుతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడిలో నేర్చిన అక్షరాలతోనే సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. "చూశారా, ఏమీ మారలేదు" అంటారు బెంజమిన్లు. సారా వేలంపాటలు మళ్లీ రాలేదని మాత్రం చెప్పరు. గోడ మీది రాత మార్చేవాళ్లున్నారంటే, దాన్ని రోజూ చదివి వినిపించేవాళ్లు కావాలి. చేతులు కట్టుకుని కూర్చోవడానికి అది సాకు కాదు.

నిరాశ చదువుకున్నవాళ్లు అనుభవించే విలాసం. దాని ఖర్చు క్లోవర్లు భరిస్తున్నారు. టీచర్లనూ, లాయర్లనూ, విలేకరులనూ మనం ప్రాణత్యాగం అడగడం లేదు. వేలిముద్ర పడకముందే కాగితం చదివి చెప్పమంటున్నాం. అదీ చేయనివాళ్లను తటస్థులని గౌరవించడం ఇకనైనా మానుకుందాం. వాళ్లు కాగితం రాసినవాళ్ల పక్షం.