మిల్లు నేల ముంబాయిలో, మనకిచ్చే ఇల్లు శేలులో



శేలు, వాంగణి. కల్యాణ్ దాటి కర్జత్ వైపు వెళ్లే లోకల్ బండి ఎక్కేవాళ్లకు తప్ప ఈ రెండు స్టేషన్ల పేర్లు మనలో చాలామందికి నిన్నమొన్నటి దాకా తెలియవు. 2024 నుంచి ముంబాయి మిల్లు కార్మికులున్న ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. శేలులో 30 వేలు, వాంగణిలో 51 వేలు, మొత్తం 81 వేల ఇళ్లు ప్రైవేటు బిల్డర్ల చేత కట్టించి కార్మికులకూ వారసులకూ ఇస్తామన్నది మహారాష్ట్ర ప్రభుత్వ పథకం. ఇంటి ధర 15 లక్షలన్నారు. అయిదున్నర లక్షలు సబ్సిడీ పోగా తొమ్మిదిన్నర లక్షలు కార్మికుడు కట్టుకోవాలి.

ఈ తొమ్మిదిన్నర లక్షలన్న అంకె మనకు కొత్త కాదు. 2020 మార్చిలో వడాలాలోని బాంబే డైయింగ్ నేల మీద, లోయర్ పరేల్‌లోని శ్రీనివాస మిల్లు నేల మీద కట్టిన 3,894 ఇళ్లకు లాటరీ తీసినప్పుడు అడిగిన ధర కూడా తొమ్మిదిన్నర లక్షలే. ఇల్లు చిన్నదే, 225 చదరపు అడుగులు. కానీ అది పని దొరికే నగరం నడిబొడ్డున ఉంది. శేలు, వాంగణి బోరీబందర్‌కు దాదాపు 80 కిలోమీటర్లు. కల్యాణ్ దాటాక బళ్లు పలచబడతాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత మన పెద్దలు ఊరికే అనలేదు.

అసలు మనం అంత దూరం ఎందుకు పోవలసి వచ్చింది? నగరంలో నేల లేక కాదు. ముంబాయి మిల్లుల కింద సుమారు 600 ఎకరాలు ఉండేవి. 1991 నాటి నగరాభివృద్ధి నియమావళిలో 58వ నిబంధన ప్రకారం, మిల్లు నేలను వేరే వాడుకకు మార్చాలంటే దాన్ని సుమారు మూడు వాటాలు చెయ్యాలి. ఒకటి తోటలకూ మైదానాలకూ కార్పొరేషన్‌కు, ఒకటి ప్రజల ఇళ్లకు మ్హాడాకు, మిగిలింది యజమానికి. 2001లో ఈ నిబంధనను సవరించారు. మొత్తం నేల మీద కాదు, కట్టడాలు లేని ఖాళీ జాగా మీద మాత్రమే వాటాలు లెక్క కట్టాలన్నారు. మిల్లు అంటేనే షెడ్లు. షెడ్లున్న చోటంతా లెక్కలోంచి తీసేస్తే మిగిలేది వాకిలి, చెట్ల కింద జాగా. చిత్రమేమంటే, మ్హాడా వాటాలో మిల్లు కార్మికుల ఇళ్లకు చోటు రాసింది కూడా ఆ సవరణే. విస్తట్లో మన పేరు రాసి, ఆకునే చిన్నది చేశారు. 2005లో బొంబాయి హైకోర్టు ఈ సవరణ చెల్లదన్నది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు చెల్లుతుందన్నది. ఆ తర్వాత ఆ నేల మీద లేచిన అద్దాల మేడలు మనం చూస్తూనే ఉన్నాం.

ఇళ్ల కోసం దరఖాస్తు పెట్టుకున్న కార్మికులు, వారసులు సుమారు లక్షా డెబ్బై అయిదు వేల మంది. ఇన్నేళ్లలో ఇల్లు దక్కినవారు అందులో పదో వంతు కూడా లేరు. నగరంలో పోగొట్టిన వాటాను ఇప్పుడు పల్లెటూళ్లలో పూడ్చబోతున్నారు. ఇక్కడే మనం ఇంకో లెక్క వేసుకోవాలి.

81 వేల ఇళ్లు. ఇంటికి అయిదుగురనుకుంటే నాలుగు లక్షల పైచిలుకు జనం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని ప్రభుత్వ ప్రమాణమే చెబుతోంది. అంటే రోజుకు అయిదున్నర కోట్ల లీటర్లు. వాడిన నీళ్లలో నూటికి ఎనభై పాళ్లు మురుగై బయటికొస్తుంది. ఆ నాలుగు కోట్ల లీటర్లకు పైగా మురుగు ఎటు పోవాలి? పక్కనే ఉల్హాస్ నది. దాని దిగువన బద్లాపూర్, ఉల్హాస్‌నగర్, కల్యాణ్ జనం ఆ నీళ్లే తాగుతున్నారు. 2019 జూలై 27న ఇదే బద్లాపూర్, వాంగణి మధ్య వరదలో మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ చిక్కుకుపోయింది. వెయ్యి మందికి పైగా ప్రయాణికులను పడవల మీద గట్టుకు చేర్చారు. వాననీళ్లు ఇంకే పొలాల మీద సిమెంటు పరిస్తే ఆ నీళ్లు ఎవరి గడపలోకి వస్తాయో ఇంజనీరే చెప్పనక్కరలేదు.

ఎఫ్‌ఎస్‌ఐ అన్న మాట బిల్డర్ల నోట వినే ఉంటారు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. ఎఫ్‌ఎస్‌ఐ 1 అయితే అంతే నిర్మాణం. రెండున్నర అయితే దాదాపు లక్షా తొమ్మిది వేల అడుగులు. మెట్లకూ వసారాలకూ పోను, 300 అడుగుల ఇళ్లు ఎకరానికి రెండు వందల యాభై. మహారాష్ట్రలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇళ్లకు నివాస ప్రాంతంలో రెండున్నర దాకా, రైతు ఇల్లు తప్ప పెద్దగా ఏదీ కట్టనివ్వని వ్యవసాయ ప్రాంతంలో కూడా 1 దాకా వీలు కల్పించారు. పేదవాడికి ఇల్లు రావాలి, ఆ సడలింపును మేము తప్పు పట్టం. అయితే అనుమతి వచ్చిన రోజునే పక్క పొలం ధర పెరుగుతుంది, దళారి వాలతాడు, రేపు ఆ పొలాల్లో లేచేది పేదల ఇళ్లు కావు. దారి తెరిచింది మాత్రం కార్మికుడి పేరు.

ఊళ్లవాళ్లు గొణుగుతున్నారంటే వాళ్ల మీద కోపం తెచ్చుకోనక్కరలేదు. బావిలో నీళ్లు ఇంకిపోతే ముందు ఎండేది వాళ్ల గొంతు. పొలాల్లోంచి మగ్గాల మీదికి వచ్చిన మనకు ఆ బాధ తెలుసు.

షోలాపూర్ సోదరులు ఒక మాట అడగవచ్చు: మా కుంభారి ఊరి బయట కాదా అని. ఊరి బయటే. 2006లో అక్కడ పది వేల బీడీ కార్మిక స్త్రీలకు ఇళ్లొచ్చాయి. 30 వేల ఇళ్ల రే నగర్‌లో మొదటి 15 వేలు 2024 జనవరిలో అప్పగించారు. కానీ కుంభారి షోలాపూర్‌ను ఆనుకున్న ఊరు. బీడీల గంప, సాంచాల కార్ఖానా అందుబాటులోనే ఉంటాయి. పైగా అక్కడ చోటు ఎంచుకున్నది కార్మికుల సంఘం, నర్సయ్య ఆడం నాయకత్వంలో ఏళ్ల తరబడి పోరాడి. శేలును మనలో ఎవరు ఎంచుకున్నారు?

కనుక మా అభిప్రాయం ఇది. కొడుకులు అంబర్‌నాథ్, బద్లాపూర్ వైపు పనుల్లో ఉన్నవాళ్లు, విశ్రాంతిగా ఉండాలనుకునే పెద్దలు శేలు ఇల్లు తీసుకుంటే ఎవరూ వేలెత్తి చూపకూడదు. కానీ వద్దన్నవాడి హక్కు పోకూడదు. శేలు, వాంగణి వద్దన్న కార్మికుడికి ఇంకెక్కడా హక్కు ఉండదన్నట్టుగా 2024 మార్చి ఉత్తర్వులో 17వ షరతు పెట్టారు. 2025 జూలై 9న ఆజాద్ మైదానంలో వేలాదిమంది గుమిగూడాక, దాన్ని తొలగిస్తామని ప్రభుత్వం చెప్పింది. నోటి మాటతో ఊరుకోకుండా, సవరించిన ఉత్తర్వు ప్రతిని ప్రతి సంఘమూ తన దగ్గర ఉంచుకోవాలి. తీసుకునేవాళ్లు కూడా నీళ్లు ఏ డ్యామ్ నుంచి, మురుగు ఎక్కడికి, ఉదయం బళ్లు ఎన్ని అన్నవి రాతపూర్వకంగా చూపించాకే పైకం కట్టాలి. పన్వేల్ దగ్గర కోన్‌లో 2,417 ఇళ్లకు 2016లో లాటరీ తీశారు. తాళాలు చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. ఆలోగా కొందరు కన్నుమూశారు కూడా.

చివరగా కాగితాల సంగతి. 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లు రోల్లో ఉన్నవాడే అర్హుడు. టికెట్ నంబరు, పీఎఫ్ చీటీ, ఈఎస్ఐ కార్డు, సర్వీసు సర్టిఫికెట్ ఏదున్నా జాగ్రత్త చెయ్యండి. మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. మన పేరులో ఇంటిపేరు ముందొస్తుంది, మరాఠీ పద్ధతిలో చివరొస్తుంది. జాబర్ పలికినట్టు గుమాస్తా రాసుకున్న పేరు మస్టర్‌లో ఒకటి, ఆధార్‌లో మరొకటి. సమ్మె తర్వాత కరీంనగర్, నల్గొండ వైపు తిరిగిపోయిన కుటుంబాలకు ఈ తేడా వల్లనే దరఖాస్తు ఆగిపోవచ్చు. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించి దరఖాస్తుకు జతపరచండి. ఊళ్లో ఉన్న బంధువులకు ఈ సంచిక చదివి వినిపించండి.