కడబంతి దేశాలు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. ఈ సామెత పుట్టించినవాళ్ళు ఎప్పుడూ కడబంతిలో కూర్చుని ఉండరని నా అనుమానం. మా తాతయ్య చెప్పేవాడు, ఆయన చిన్నప్పుడు ఊళ్ళో పెళ్ళి జరిగితే మా వాడవాళ్ళకు అసలు బంతే ఉండేది కాదట. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నెలతో దూరంగా నిలబడితే మిగిలింది పోసేవారట. అన్నం సరిపోయిందా లేదా అన్నది కాదు ఆయన బాధ. ముందు ఎవరు, తర్వాత ఎవరు అని నిర్ణయించే గరిటె ఎప్పుడూ ఒకే చేతిలో ఉండటం.

2020 మార్చిలో హాస్టళ్ళు మూసేసి మనందరినీ ట్రంకు పెట్టెలతో ఇళ్ళకు పంపినప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఊళ్ళో పనిలేక టీవీ ముందు కూర్చుంటే రోజూ ఒకటే చర్చ. అమెరికా పని అయిపోయిందా? చైనా అగ్రరాజ్యం అవుతుందా? కరోనా తర్వాత కొత్త ప్రపంచ క్రమం వస్తుందా? ఇప్పుడు డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదువుతూ ఆ రోజులను తలచుకుంటే ఆ ప్రశ్నే తప్పనిపిస్తోంది. మొదటి బంతిలో ఎవరి పీట ఎవరు లాక్కున్నారన్నది పెద్దవాళ్ళ గొడవ. మహమ్మారి బయటపెట్టిన అసలు సంగతి వేరు. ప్రపంచానికి ఒక కడబంతి ఉందని, అక్కడ కూర్చున్నవాళ్ళకు ఇక వడ్డించేవాడి మీద నమ్మకం పోయిందని తేలింది. నా దృష్టిలో ప్రపంచ రాజకీయాల్లో వచ్చిన నిజమైన మార్పు ఇదే.

ముందు లెక్క చూద్దాం. 2020 డిసెంబర్ 8న బ్రిటన్‌లో ఫైజర్ టీకా వేయడం మొదలైంది. నలభై రోజులు తిరిగాక, 2021 జనవరి 18న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ ఒక లెక్క చదివారు. అప్పటికి కనీసం 49 ధనిక దేశాల్లో 3 కోట్ల 90 లక్షల డోసులు వేశారు. అట్టడుగు ఆదాయ దేశాల్లో ఒకే ఒక్క దేశంలో వేశారు, అదీ 25 డోసులు. ఇరవై అయిదు లక్షలు కాదు, ఇరవై అయిదు వేలు కాదు, ఇరవై అయిదు! మన డార్మెటరీలో ఒక వరుసకు సరిపోతాయేమో.

ఇది ఎలా జరిగింది? టీకా తయారు కాకముందే ధనిక దేశాలు కంపెనీలకు డబ్బు కట్టి డోసులు రాయించుకున్నాయి. తమ జనాభాకు ఎన్నో రెట్లు కొనిపెట్టుకున్న కెనడా లాంటి దేశాలూ ఉన్నాయి. పేద దేశాల కోసం కోవాక్స్ అనే ఉమ్మడి పథకం పెట్టారు. 2021 చివరికల్లా 200 కోట్ల డోసులు పంచుతామన్నారు. 2022 జనవరి నడిమికి గాని 100 కోట్లు పూర్తి కాలేదు. 2023 డిసెంబర్ 31న పథకం మూసేసే నాటికి ఆ 200 కోట్లకు దగ్గరగా వచ్చారు. అంటే మాట దాదాపు నిలబెట్టుకున్నారనే అనాలి, కానీ రెండేళ్ళు ఆలస్యంగా! అందరి కడుపులూ నిండాక వచ్చిన వడ్డన అది.

“ఏ ప్రభుత్వమైనా ముందు తన ప్రజలనే చూసుకుంటుంది కదా, తప్పేముంది?” అని మా తరగతిలో ఒక మిత్రుడు వాదించాడు. తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. ఓట్లు వేసినవాళ్ళు చనిపోతుంటే విమానం ఎక్కించి మందులు బయటికి పంపే ధైర్యం ఏ నాయకుడికి ఉంటుంది? మన దేశం సంగతే తీసుకోండి. 2021 జనవరి 20న వ్యాక్సిన్ మైత్రి మొదలుపెట్టి మొదటగా భూటాన్‌కు, మాల్దీవులకు టీకాలు పంపాం. ఫిబ్రవరి 24న కోవాక్స్ తరఫున ఘనాలో దిగిన మొదటి 6 లక్షల డోసులు కూడా పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ నుంచి వెళ్ళినవే. నెల తిరిగేసరికి ఇక్కడ రెండో అల వచ్చింది. మార్చి చివర్లో ఎగుమతులు దాదాపు ఆపేశాం. మళ్ళీ కోవాక్స్‌కు టీకాలు పంపింది నవంబర్‌లోనే. ఇంట్లో ఆక్సిజన్ లేక మనుషులు పోతుంటే ఆపడం న్యాయమే అనిపిస్తుంది. కానీ మన సీరం సంస్థనే నమ్ముకుని మొదటి డోసు వేసేసిన ఆఫ్రికా దేశాలకు రెండో డోసు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ నెలల్లో వాళ్ళ దృష్టిలో గరిటె పట్టుకున్నది మనమే. ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పుకోవాలి.

అందుకే తప్పు ఫలానా దేశానిది అని తేల్చడం కంటే, ప్రపంచమంతటికీ వండే పొయ్యిలు ఇన్ని తక్కువ ఎందుకున్నాయి అని అడగడం మేలు. ఆఫ్రికా ఖండం తనకు కావలసిన టీకాల్లో దాదాపు 99 శాతం దిగుమతి చేసుకుంటూ వచ్చింది. ఎందుకు? డబ్బు, యంత్రాలు, శిక్షణ లేకపోవడం ఒక కారణం. వండే విధానం మీద పేటెంటు ఉండటం ఇంకో కారణం.

పేటెంటు అనగానే నాకు ఎయిడ్స్ కథ గుర్తొస్తుంది. అది కూడా మహమ్మారే. 2000 నాటికి ఎయిడ్స్ మందులకు ఒక రోగికి ఏడాదికి పది వేల డాలర్ల పైన అయ్యేది. చవక మందులు తెచ్చుకునేందుకు దక్షిణాఫ్రికా చట్టం చేస్తే 39 మందుల కంపెనీలు కోర్టుకెక్కాయి. 2001 ఫిబ్రవరిలో మన దేశపు సిప్లా ఆ మందులను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. ఏప్రిల్‌లో ఆ 39 కంపెనీలూ కేసు వెనక్కి తీసుకున్నాయి. నవంబర్‌లో దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలన్నీ కూర్చుని, ప్రజారోగ్యాన్ని కాపాడుకునే హక్కుకు పేటెంటు ఒప్పందం అడ్డు రాకూడదని ప్రకటించాయి. సిప్లా అంత చవకగా ఎలా ఇవ్వగలిగింది? మన 1970 పేటెంట్ల చట్టం మందుకు పేటెంటు ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలు అన్ని లేవడానికి ఆ చట్టం పెద్ద అండ. ఆ తర్వాత హెటిరో, అరబిందో లాంటివి ఎయిడ్స్ మందులను ప్రపంచానికి పంపాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల కోసం 2005లో ఆ చట్టాన్ని మార్చుకున్నాం. మందుకే మళ్ళీ పేటెంటు వచ్చింది.

ఈ అనుభవంతోనే 2020 అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజున, భారతదేశం, దక్షిణాఫ్రికా కలిసి ఒక ప్రతిపాదన పెట్టాయి. కరోనా ఉన్నంతకాలం టీకాలు, మందులు, పరీక్ష కిట్ల మీద మేధో సంపత్తి హక్కులను పక్కన పెట్టమని అడిగాయి. వందకు పైగా దేశాలు బలపరిచాయి. యూరోపియన్ యూనియన్, బ్రిటన్, స్విట్జర్లాండ్ ఒప్పుకోలేదు. 2021 మే 5న అమెరికా టీకాల వరకు సరే అంది. చర్చలు, చర్చల మీద చర్చలు. చివరికి 2022 జూన్ 17న జెనీవాలో ఒక నిర్ణయం వచ్చింది. టీకాల పేటెంట్ల వరకు కొంత సడలింపు ఇచ్చారు, మందులనూ కిట్లనూ వదిలేశారు. అప్పటికి టీకాల కొరతే తీరిపోయింది. పెళ్ళయిపోయాక శుభలేఖ అందినట్టు!

ఇక్కడ ఇంకో మాట. జెనీవాలో పెద్ద దేశాలను మనం అడిగిందే ఇంట్లోనూ అడగాల్సి వచ్చింది. కోవాక్సిన్‌ను హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్, ప్రభుత్వ సంస్థ అయిన ఐసీఎంఆర్ కలిసి తయారుచేశాయి. 2021 మేలో ఆ పరిజ్ఞానాన్ని మిగతా తయారీదారులకు కూడా ఇప్పించమని అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్రధానికి ఉత్తరం రాశారు. ఆ రోజుల్లోనే రాష్ట్రాలు సొంతంగా గ్లోబల్ టెండర్లు పిలిచాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ టెండర్లకు ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. ప్రపంచానికి టీకాలు చేసే నగరం ఉన్న రాష్ట్రం కూడా కడబంతిలో కూర్చుంది.

ఆకలిగా ఉన్నవాడి దగ్గర అన్నం పట్టుకుని బేరం ఆడితే ఏమవుతుందో ఆ ఏడాది చూశాం. పరాగ్వే అని దక్షిణ అమెరికాలో సముద్రం లేని చిన్న దేశం ఉంది. అది తైవాన్‌ను గుర్తిస్తుంది కనుక చైనాతో దౌత్య సంబంధాలు లేవు. తైవాన్‌ను వదిలేస్తే చైనా టీకాలు ఇప్పిస్తామని దళారులు వచ్చారని ఆ ప్రభుత్వం చెప్పింది. తమకు సంబంధం లేదని చైనా అంది. 2021 మార్చిలో ఆ దేశంలో దిగింది మన కోవాక్సిన్, మొదట లక్ష డోసులు. భారత్‌తో మాట్లాడటంలో తామూ సాయం చేశామని తైవాన్ విదేశాంగ మంత్రి చెప్పారు. మన శామీర్‌పేట దగ్గర నింపిన సీసా బీజింగ్, తైపే తగాదాలోకి వెళ్ళిందన్నమాట! ప్రతిపక్షంలో ఉన్నా, పాలకపక్షంలో ఉన్నా ఏ పరాగ్వే నాయకుడైనా ఆ నెలల్లో విదేశాంగ విధానం గురించి ఆలోచించాడా, ఆసుపత్రి పడకల గురించి ఆలోచించాడా?

బ్రిటన్ కథ మరీ విచిత్రం. 2021 మార్చిలో పుణె నుంచి 50 లక్షల కోవిషీల్డ్ డోసులు తెప్పించుకుని తన ప్రజలకు వేసుకుంది. సెప్టెంబర్ వచ్చేసరికి, అదే టీకా ఇండియాలో వేయించుకుని వచ్చినవాళ్ళు క్వారంటైన్‌లో ఉండాలంది. టీకా మంచిదేనట, సర్టిఫికెట్ మీద నమ్మకం లేదట. అక్టోబర్ 4 నుంచి మనం కూడా బ్రిటన్ వాళ్ళకు పది రోజుల క్వారంటైన్ పెట్టాం. వారం తిరక్కముందే, 11 నుంచి నిబంధన ఎత్తేసింది. పెద్ద దేశం కాబట్టి మనం తిప్పికొట్టగలిగాం. మరి చిన్న దేశాలు? ఆ నవంబర్ 24న దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ రకాన్ని కనిపెట్టి దాచకుండా ప్రపంచానికి చెప్పారు. రెండు రోజుల్లోనే ఆ ప్రాంతపు దేశాల మీద విమాన నిషేధాలు వచ్చాయి. నిజం చెప్పినందుకు దక్కిన బహుమానం.

ఇలాంటిదే ముందొకసారి జరిగింది, మన పాఠ్యపుస్తకాల్లో లేదు. బర్డ్ ఫ్లూ రోజుల్లో ఇండోనేషియా తన రోగుల నుంచి తీసిన వైరస్ నమూనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు పంపేది. వాటితో ఒక ఆస్ట్రేలియా కంపెనీ టీకా తయారుచేస్తోందని తెలిసింది. ఆ టీకా కొనే స్తోమత ఇండోనేషియాకు లేదు. 2007లో ఆరోగ్య మంత్రి సితి ఫదిలా సుపారి అనే ఆమె నమూనాలు పంపడం ఆపేశారు. మా వైరస్ మాది, ఇస్తే మాకేమిస్తారో చెప్పండి అన్నారు. ప్రపంచ ఆరోగ్యాన్ని పణంగా పెడుతోందని చాలామంది తిట్టారు. వైరస్‌ను పంచుకోకపోతే అందరికీ ప్రమాదమే, ఆ మాట నిజం. కానీ అడగకపోతే ఏమొచ్చేది? 2011లో ఒక ఏర్పాటు కుదిరింది. నమూనాలు వాడుకునే తయారీదారులు టీకాల్లో, మందుల్లో కొంత వాటా పక్కన పెట్టాలన్నారు. అయితే అది ఫ్లూ వైరస్‌లకే. కరోనా ఫ్లూ కాదు కదా! 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు కరోనా జన్యుక్రమాన్ని లోకానికంతా ఉచితంగా పెట్టారు. దాని నుంచి పుట్టిన టీకాలు మాత్రం తాళం వేసిన గదుల్లోకి వెళ్ళాయి.

ఇక నమ్మకం పోయినవాళ్ళు ఏం చేస్తున్నారు? సొంత పొయ్యి పెట్టుకుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అండతో కేప్‌టౌన్‌లోని ఆఫ్రిజెన్ అనే సంస్థ మోడెర్నా సాయం లేకుండానే, బయటికి తెలిసిన జన్యు వివరాలతో 2022 ఫిబ్రవరికల్లా ప్రయోగశాలలో ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేసి చూపించింది. 2040 నాటికి తమ టీకాల్లో 60 శాతం తామే తయారుచేసుకోవాలని ఆఫ్రికా దేశాలు 2021లో లక్ష్యం పెట్టుకున్నాయి. మన దేశం మందుల ముడిసరుకులో మూడింట రెండొంతుల దాకా చైనా నుంచే తెచ్చుకుంటుందని ఆ రోజుల్లోనే చాలామందికి తెలిసింది. కాకినాడ దగ్గర అరబిందో గ్రూపు 2024లో పెన్సిలిన్-జి తయారీ మొదలుపెట్టడం వెనక ఉన్నది ఆ భయమే. ఎవరి పొయ్యి వాళ్ళదైతే ఖర్చు ఎక్కువ, ప్రపంచీకరణకు వెనకడుగు అని ఆర్థికవేత్తలు అంటారు. నిజమే కావచ్చు. ఇరవై అయిదు డోసుల దేశానికి ఆ పాఠం చెప్పి ఒప్పించడం కష్టం.

ఇదే సమయంలో ఉమ్మడి వంటశాల నుంచి పెద్దవాళ్ళే లేచిపోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వైదొలగుతామని 2020లో నోటీసు ఇచ్చిన ట్రంప్, బైడెన్ దాన్ని రద్దు చేస్తే, 2025 జనవరి 20న గద్దెనెక్కిన రోజే మళ్ళీ సంతకం పెట్టారు. ఆ సంస్థకు అందరికంటే ఎక్కువ డబ్బు ఇస్తూ వచ్చిన దేశం అది.

అమెరికా లేకుండానే 2025 మే 20న జెనీవాలో మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించారు. ముందురోజు కమిటీలో 124 దేశాలు అనుకూలం, వ్యతిరేకం ఎవరూ లేరు, 11 దేశాలు తటస్థం. ఇందులో పాల్గొనే తయారీదారులు మహమ్మారి సమయంలో ఉత్పత్తిలో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో పెట్టాలి. అందులో కనీసం సగం ఉచితంగా, మిగతాది అందుబాటు ధరకు. చదవగానే నాకు సంతోషం వేసింది. తర్వాతి పేజీలు తిప్పితే తెలిసింది. నమూనాలు ఎలా ఇవ్వాలి, ప్రతిఫలం ఎలా పంచాలి అన్నది ఒక అనుబంధంలో రాస్తారట. అది పూర్తయ్యాకే ఒప్పందాన్ని సంతకాలకు పెడతారు, 60 దేశాలు ధృవీకరించాకే అమల్లోకి వస్తుంది. జెనీవాలో చప్పట్లు కొట్టిన ఆ రోజున, జకార్తాలో సుపారి అడిగిన ప్రశ్నకు జవాబు రాయాల్సిన ఆ కాగితం మాత్రం ఇంకా తెల్లగానే ఉంది.